రెండు ఊపిరులు – ఒక్క బండ



యాకోబు తన పత్రికలో ద్విమనస్కుని గూర్చి కఠినముగా వ్రాసెను. ఇటు మనస్సు, అటు మనస్సు గలవానిని నిలకడలేని అలతో పోల్చెను. ఆ మాటను మనము ప్రసంగపీఠము మీదనుండి ఎన్నో సార్లు వినియున్నాము. వినినప్పుడెల్ల మనలో కొందరు తలవంచుకొందురు. వారు కపటులు గనుక కాదు. వారి బ్రదుకు రెండు చోట్ల సాగుచున్నది గనుక. పగలు ఒక లోకము, రాత్రి ఒక లోకము. ఆఫీసులో ఒక భాష, ఇంట ఒక భాష. కాగితము మీద ఒక పేరు, సంఘములో ఒక పేరు. అట్టివారు తమలో తాము ఇట్లు ప్రశ్నించుకొందురు: రెండు చోట్ల బ్రదుకు ప్రతివాడును ద్విమనస్కుడేనా? రెండు ఊపిరులు పీల్చువానికి ఒక్క హృదయము ఉండజాలదా?

ఈ నెల ఈ ప్రశ్నను ఒక చిన్న ప్రాణిని దగ్గర పెట్టుకొని ఆలోచింతము. ఆ ప్రాణి సముద్రపు నత్త. చాలవరకు బొటనవ్రేలి కొనను మించదు. సముద్రపు అంచున రాళ్లమీద కాపురముండును. అయినను గాలి పీల్చును.

మన ఒంగోలువారు దీనిని చూచియుండరు. మన సముద్రము కొత్తపట్నము దగ్గర ఉన్నది. అక్కడ ఎటు చూచినను ఇసుకయే. చీమకుర్తి నల్లరాయి ఓడలెక్కి దేశదేశములకు పోవుచున్నది గాని, మన సముద్రపుటొడ్డున అల తాకుటకు ఒక్క బండ లేదు. ఇసుక కదలునది, నేడున్న దిబ్బ రేపుండదు. అంటిపెట్టుకొని బ్రదుకు ప్రాణికి అది నిలువనీడ ఇయ్యదు. తెలుగునాట రాతితీరము చూడగోరువారు ఉత్తరమునకు పోయి విశాఖపట్టణమునందు డాల్ఫిన్ నోస్ కొండ క్రిందనో, భీమునిపట్నము దారిలోనో నిలువవలెను. అక్కడ కొండ సముద్రములోనికి దిగియున్నది. అక్కడి సముద్రము రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీయును. పెద్ద పోటునకును పెద్ద ఆటునకును నడుమ ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు. ఆ కొద్దిపాటి ఎత్తులోనే ఒక లోకమున్నది. ఆరు గంటలు నీరు, ఆరు గంటలు ఎండ. నీటిలో బ్రదుకు జంతువునకు అది ఎండిన నేల; నేలమీద బ్రదుకు జంతువునకు అది మునిగిపోవు చోటు.

ఆ బండలమీద టోపీవంటి చిన్న గుల్లలు అంటుకొనియుండును. వాటిని ఇంగ్లీషువారు లింపెట్లు అందురు. చుట్టలు లేని నత్తలివి. గుల్ల గిన్నెను బోర్లించినట్లుండును. క్రింద మెత్తని పాదము రాతిని పట్టుకొనును. ఈ నత్తలు కదలక పడియుండునవి కావు, మేతకై రాయి విడిచి తిరుగునని అరిస్టాటిలు ఇరువదిమూడు శతాబ్దముల క్రిందటనే గమనించి వ్రాసెను. మన వాల్తేరులోను ఈ పరిశోధన జరిగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు జంతుశాస్త్ర ఆచార్యులైన గణపతిగారును వారి సహచరులును అక్కడి బండలమీది సెల్లానా అను లింపెట్టు జీవితమును శ్రద్ధగా పరిశీలించి 1971లో ప్రచురించిరి. ఈ సెల్లానా అసలైన లింపెట్టు; మొప్పలతో నీటినుండి ఊపిరి తీసికొనును.

అయితే మన దేశపు రాతితీరములలో అచ్చముగా దానివలెనే కనబడు మరియొక కుటుంబము కలదు. శాస్త్రజ్ఞులు దానిని సైఫొనేరియా అందురు. ఈ పేరు 1823లో ఇంగ్లాండులో సవర్బీ అను గుల్లల పండితుడు పెట్టెను. సైఫన్ అనగా గొట్టము. ఆ పేరునకు కారణము గుల్లను తిరగవేసి చూచిన తెలియును. కుడి ప్రక్కన లోపల ఒక చిన్న కాలువ అంచువరకు పోవును. పైన ఆ చోటనే ఒక గీత తక్కిన గీతలకంటె ఉబ్బి అంచును బయటికి నెట్టును. అసలైన లింపెట్టు రెండు ప్రక్కల సరిసమానముగా నుండును. దీనికి మాత్రము కుడి ప్రక్క కొంచెము పొంగియుండును. ఆ కాలువగుండనే గాలి లోనికి పోవును.

ఇక్కడ ఒక విశేషము. దీనికి ఇంగ్లీషులో వాడుక పేరు ‘ఫాల్స్ లింపెట్’. అనగా అబద్ధపు లింపెట్టు. ఈ నత్త ఎవరితో అబద్ధమాడినది? ఎవరిని మోసగించినది? ఏ తప్పును లేదు. దాని రూపము మరొకదానివలె ఉన్నది, దాని ఊపిరి మరొకదానివలె లేదు. అంతమాత్రమే. బోర్లించిన గిన్నె రూపము నత్తల వంశములో ఒక్క కుటుంబమునకు పట్టా ఇచ్చినది కాదు. అలలు కొట్టు చోట ఏ నత్త బ్రదుకవలెనన్నను ఆ రూపము మేలు. గనుక వేరువేరు వంశములు వేరువేరు కాలములలో ఆ రూపమునకు వచ్చినవి. ఒకటి అసలు, మరొకటి నకలు అని నిర్ణయించినది మనుష్యుడు. ముందు తాను చూచినదానిని అసలనుకొనెను; తరువాత చూచినదానిని అబద్ధమనెను. మనుష్యులకు పేర్లు పెట్టు విషయములోను మనము ఇట్లే చేయుచున్నాము కదా!

ఇప్పుడు దాని ఊపిరిని గూర్చి చెప్పెదను. గుల్ల క్రింద మెడ వెనుక ఒక చిన్న గది కలదు. ఆ గది కప్పునందు నెత్తురు నాళములు అల్లుకొనియున్నవి. ఆటుకు నీరు తీసి రాయి బయటపడినప్పుడు కుడి ప్రక్క ద్వారము తెరచుకొని గాలి ఆ గదిలోనికి పోవును. ఆ గది ఊపిరితిత్తి పని చేయును. పోటుకు నీరు కమ్మినప్పుడు అదే గదిలో నుండు మొప్ప మడతలు నీటినుండి ప్రాణవాయువును తీసికొనును. అవసరమైనప్పుడు ద్వారమును మాంసపు రేకు మూసివేయును. ఈ సంగతి బాగుగా గమనింపుడు: గదులు రెండు కావు. ఊపిరితిత్తికి ఒక ఇల్లు, మొప్పకు ఒక ఇల్లు లేదు. ఒక్క గదిలోనే రెండు ఊపిరులు. ఒక్క గుండెయే ఆ రెంటిని ఒళ్లంతటికి పంచును.

పండితులకు ఇది చాలకాలము చిక్కుగా నుండెను. ఊపిరితిత్తి ఉన్నది గనుక ఇది మన తోటలలోని నత్తలకు చుట్టమా? మొప్ప ఉన్నది గనుక సముద్రపు నత్తలకు చుట్టమా? ఇది నేలకెక్కి మరల సముద్రమునకు దిగివచ్చినదా, లేక సముద్రమును ఎన్నడును విడువలేదా? ఒకరు ఒక వరుసలో నిలువబెట్టిరి, మరొకరు మరొక వరుసకు మార్చిరి. 2010లో జన్యుపదార్థమును పోల్చి చూచిన పరిశోధకులు నేలనత్తలను, సైఫొనేరియాను, సముద్రములో నాచు తిని బ్రదుకు కొన్ని పచ్చని నత్తలను గూడ ఒక్క పెద్ద కుటుంబములో చేర్చిరి. అంతకుముందు గీచిన సరిహద్దు చెరిగిపోయినది. 2024లో మరికొందరు హిందూ, పసిఫిక్ మహాసముద్రములలోని ఈ నత్తలను తరచి చూచి, గుల్లనుబట్టి ఒక్కటే అనుకొన్నవాటిలో అనేక జాతులు దాగియున్నవని చూపిరి. పై పెంకును చూచి తీర్పు చెప్పుట విద్వాంసులకే సాధ్యము కానప్పుడు, మనమెంతవారము?

దాని దినచర్య ఎట్టిదో చూడుడు. నీటిలో పూర్తిగా మునిగినప్పుడు దాని జాతులలో చాలవరకు కదలవు. ఎండ మండునప్పుడును కదలవు. రాయి తడిగానుండి అల చిందులు తాకుచుండు ఆ కొద్ది వేళలోనే బయలుదేరును. నాలుకమీది సన్నని పండ్లతో రాతిమీది పాచిని గీకి తినును. జానెడు దూరమో మూరెడు దూరమో పోవును. నత్తకు అదియే దేశాంతరము. వేళ మించకముందే వెనుకకు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చును. ఆ చోట రాతిమీద దాని గుల్ల ఆకారమున ఒక మచ్చ ఏర్పడియుండును. మరల ఆ మచ్చలోనే, తన అంచు ఏ వంక ఎట్లు అమరియుండెనో అట్లే సర్దుకొని కూర్చుండును. ఈ జాతివన్నియు ఇట్లు ఇల్లు చేరునని చెప్పను. కొన్ని అంత పట్టింపు లేక తిరుగును. అయితే బెర్ముడా దీవులలో శాస్త్రజ్ఞులు గుర్తులు పెట్టి చూచి 1969లో ప్రచురించిన పరిశోధనలో, అక్కడి సైఫొనేరియాలు మేతకు పోయి తమ మచ్చకే తిరిగి వచ్చుట స్పష్టముగా కనబడినది.

ఎందుకు రావలెను? ఆ మచ్చలో తప్ప మరెక్కడను దాని అంచు రాతితో సరిగా కలియదు. కఠినమైన బండయైనచో గుల్ల అంచు ఎదుగుచు బండ ఎగుడుదిగుడులకు తగినట్లు మలచుకొనును. మెత్తని రాయియైనచో గుల్ల రాపిడికి రాయియే అరిగి చోటిచ్చును. అట్లు కలిసిన అంచుల లోపల కొంచెము సముద్రపు నీరు నిలుచును. ఆరు గంటల ఎండలో ఆ చెంచాడు నీరే దాని ప్రాణము. మరొక చోట కూర్చున్నయెడల సందులుండును, నీరు ఆరిపోవును, ఎండ్రకాయ కొక్కెమునకో పక్షి ముక్కునకో ఆ సందు చాలును.

ఎట్లు రాగలదు? కండ్లు దారి చూపునంతటివి కావు. పోవునప్పుడు పాదము క్రింద జిగురు కారును. ఆ జిగురు జాడయే దాని దారి. తిరిగి వచ్చునప్పుడు ఎక్కువగా ఆ జాడనే పట్టుకొని వచ్చును. దాని బాట మరొకరు వేసినది కాదు. తన ఒంటినుండి తీసి, తానే పరచుకొన్నది.

ప్రియులారా, ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. జంతువులను చూపి నీతి చెప్పుట పాత అలవాటు. సామెతల గ్రంథకర్త సోమరిని చీమయొద్దకు పంపెను. ఆ త్రోవ మంచిదే. కాని దానిలో జారుడు చోటులు రెండున్నవి. మొదటిది, నీతి కొరకు జంతువు మీద అబద్ధము కట్టుట. పూర్వకాలపు క్రైస్తవ గ్రంథములలో గూడబాతు తన రొమ్ము చీల్చుకొని నెత్తురుతో పిల్లలను పోషించునని వ్రాసిరి. సూళ్లూరుపేట చెంత నేలపట్టు చెరువులో గూడబాతుల గూళ్లు చూచినవారు నవ్వుదురు. అది గొంతు సంచిలోని చేపలను పిల్లలకు పెట్టుచున్నది. మంచి ఉద్దేశముతో చెప్పినను అబద్ధము అబద్ధమే. సత్యమును అబద్ధపు దూలములమీద నిలువబెట్టరాదు. రెండవది, జంతువు చేయునది గనుక మనము చేయవలెననుకొనుట. నత్త తన మచ్చకు తిరిగి వచ్చుట పుణ్యము కాదు. దానికి శోధన లేదు. రాకపోవుటకు స్వేచ్ఛయు లేదు. నమ్మకత్వము అను మాట మనుష్యునికే తగినది, ఏలయనగా అతడు రాకుండ ఉండగలడు.

అయితే నత్తవలన మనకేమి ప్రయోజనము? ఆజ్ఞ ఇయ్యజాలదు గాని, మనము కలగలిపి మాటలాడు రెండు సంగతులను వేరుచేసి చూపగలదు. మన బుద్ధిలో ‘రెండు చోట్ల బ్రదుకుట’, ‘రెండు మనస్సులు గలిగియుండుట’ ఒక్కటైపోయినవి. ఆ బండమీద అవి ఒక్కటి కావు. అక్కడ రెండు లోకములున్నవి, రెండు ఊపిరులున్నవి, అయినను ఇల్లు ఒక్కటే. యాకోబు గద్దించిన అల వేరు, ఆ అల క్రింద బండ నంటియున్న నత్త వేరు. అలకు రెండు దిక్కులున్నవి గాని ఇల్లు లేదు.

లేఖనములలో ఈ భేదము లేకపోలేదు. దానియేలు సంగతి చూడుడు. అతనికి రెండు పేర్లు. తలిదండ్రులు పెట్టినది దానియేలు. బబులోనులో నపుంసకుల యధిపతి పెట్టినది బెల్తెషాజరు. అతడు కల్దీయుల భాష నేర్చెను, వారి విద్య నేర్చెను, వారి రాజునొద్ద ఉద్యోగము చేసెను, వారు పిలిచిన పేరునకు పలికెను. రాజు భోజనము విషయములో మాత్రము గీత గీచెను. రోజుకు మూడుమారులు యెరూషలేము వైపునకు కిటికీలు తెరచి మోకరించెను. ఆ కిటికీయే అతని బండ. శత్రువులు అతనిని పట్టుకొనవలెనని చూచినప్పుడు ఆఫీసులో వెదకి ప్రయోజనము లేకపోయెను; ఆ కిటికీయొద్ద కాచుకొనియుండవలసివచ్చెను. అతడెక్కడకు తిరిగివచ్చునో వారికి తెలిసియుండెను.

నయమాను సంగతి మరింత చిక్కైనది. కుష్ఠము పోయిన తరువాత ఇశ్రాయేలు దేవునినే సేవింతునని నిశ్చయించుకొనెను. అయితే అతడు సిరియా సేనాధిపతి. రాజు రిమ్మోను గుడికి పోవునప్పుడు అతని చేతిమీద ఆనుకొనును. రాజు వంగినప్పుడు తానును వంగవలసివచ్చును. ఈ ఒక్క విషయములో క్షమాపణ దొరకునా అని ఎలీషాను అడిగెను. ఆ ప్రవక్త అతనిని కపటివని గద్దింపలేదు, సమాధానముతో సాగనంపెను. మన పెద్దలము అట్టి ప్రశ్నకు అంత ఓర్పుతో జవాబియ్యగలమా? నయమాను రెండు కంచరగాడిదలు మోయునంత మన్ను అడిగి తీసికొనిపోయెనని గూడ మరువకుడు. పరాయి దేశములో తన మోకాళ్లకు ఒక చోటు కావలెనని అతడెరిగియుండెను.

ఈ ప్రశ్న మన ఒంగోలునకు క్రొత్తది కాదు. మన సంఘ చరిత్రయే దీనితో ఆరంభమైనది. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చిరి. త్రవ్వు చోటనే బోధయు జరిగెను. వేలమంది బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చినవారని ఎవరును అనకుండునట్లు ఏడాదికి పైగా ఆపిరి. కరవు సాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయినను నింద తప్పలేదు. ‘గంజి కొరకు కలిసినవారు’ అను మాట మన తాతలు విన్నారు, తండ్రులు విన్నారు, మనమును విన్నాము.

ఆ నిందకు మనము సాధారణముగా ‘కాదు, వారు కేవలము ఆత్మ సంబంధమైన ఆకలితోనే వచ్చిరి’ అని జవాబు చెప్పుదుము. ఆ జవాబు అవసరమా? వారికి అన్నము కావలెను. గౌరవము కావలెను. మనుష్యునిగా పేరు పెట్టి పిలుచువారు కావలెను. దేవుడును కావలెను. ఈ కోరికలను వేరువేరు గదులలో పెట్టవలెనని నియమమెక్కడిది? మాల మాదిగ పల్లెలలోని మనుష్యుడు అన్నము కొరకును దేవుని కొరకును ఒక్క నోటనే మొరపెట్టెను. ఒక్క గదిలోనే రెండు ఊపిరులు. వారి నిజము ఎక్కడ తెలిసెననగా, పోటు తీసిపోయిన తరువాత తెలిసెను. కరవు పోయెను, కూలి ముగిసెను, పల్లెలలో పెత్తందారుల కోపము ఎండవలె మండెను. అప్పుడును వేలమంది బండ విడువలేదు. వచ్చినవాని మనస్సులో ఎన్ని కోరికలు కలిసియున్నవని తూచుటకంటె, ఆటు వచ్చినప్పుడు ఎక్కడ కనబడెనని చూచుట మేలు.

నేటి సంగతికి వచ్చెదను. ఇది వ్రాయుట కష్టము గాని వ్రాయక తప్పదు. సంఘమునకు నమ్మకముగా వచ్చు ఒక యౌవనుడు నన్ను ఇట్లడిగెను: “అయ్యగారూ, ఆదివారం నాకొక పేరు, సోమవారం ఇంకో పేరు. మా నాయన పెట్టిన పేరు గుళ్లో పిలుస్తారు, సర్టిఫికెట్టులో పేరు ఆఫీసులో పిలుస్తారు. నేను దొంగనేనాండీ?” ఈ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర మీకు తెలిసినదే. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తరువు హిందువులనే షెడ్యూల్డు కులములలో లెక్కించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో మతము మారిన షెడ్యూల్డు కులములవారికి వెనుకబడిన తరగతులలో ‘సి’ గుంపు అని, నూటికి ఒక్క పాలు ఉన్నది. పల్లె మాత్రము అతనిని మునుపటి కులముతోనే పిలుచును. ఇల్లు అద్దెకు అడిగినను, పిల్లను అడిగినను పాత లెక్కయే అడ్డము వచ్చును. అవమానమునకు పాత పేరు, సాయమునకు క్రొత్త పేరు అన్నట్లున్నది.

చట్టము మంచిదా చెడ్డదా అను వాదము న్యాయస్థానములదియు శాసనసభలదియు. అబద్ధపు ప్రమాణము చేయుమని నేనెవరికిని చెప్పను. సత్యము వదలి కట్టిన జీవనము లోపల సందులుగల గుల్లవంటిది. తన విశ్వాసమును దాచి సర్టిఫికెట్టు పొందిన బిడ్డకు ఆ కాగితము ఎంత అన్నము పెట్టినను నిద్ర పెట్టదు. దాచక నష్టపోయిన బిడ్డలును మన పల్లెలలో ఉన్నారు. వారి నష్టము సంఘమునకు కనబడుచున్నదా? కాని ఆ యౌవనుని ప్రశ్న చట్టమును గూర్చినది కాదు. ‘నేను దొంగనేనా?’ అని అడిగెను. దొంగయైనవాడు ఆ ప్రశ్న అడుగడు. అడిగినవానికి జిగురు జాడ ఇంకను తడిగానే ఉన్నది.

అతనితో నేను పేర్లను గూర్చి ఎక్కువ మాటలాడలేదు. “అబ్బాయీ, పొద్దుగూకినప్పుడు ఎక్కడికి తిరిగొస్తావు? ఎవరి ముందర నీకు ఒక్క పేరే ఉంటుంది?” అని అడిగితిని. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు కాగితము సంగతిని గూడ ఒకనాడు నిజాయితీగా తేల్చుకొనును. చెప్పలేనివానికి ఒక్క పేరే ఉన్నను వాడు అలయే.

‘అయ్యగారు కపటమునకు ముసుగు కుట్టుచున్నారు, ఇకమీదట ప్రతి కపటియు నేను సైఫొనేరియానని చెప్పుకొనును’ అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ న్యాయమైనది. దానికి జవాబుగా మూడు పరీక్షలు చెప్పెదను.

మొదటిది, రెండు ఊపిరులును ఒక్క గదిలోనికి వచ్చుచున్నవా? కపటి తన బ్రదుకునకు గోడ కట్టుకొనును. లంచము పుచ్చుకొనిన చేయి ఒక గదిలో, కానుక వేయు చేయి మరొక గదిలో. ఒకదాని సంగతి మరొకదానికి చెప్పడు. యథార్థవంతుడు రెండు చోట్ల తిరిగినను, ఆఫీసులో చేసినది ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనును. ప్రార్థనలో వినినది ఆఫీసులో అతనిని ఆపును.

రెండవది, వేళకు తిరిగి వచ్చుచున్నాడా? మేతకు పోవుట పాపము కాదు. హైదరాబాదునకు పొండి, మద్రాసునకు పొండి, సముద్రము దాటి పొండి. పొగాకు బేరనుల పొగలో పెరిగిన బిడ్డలు నేడు కంప్యూటర్ల యెదుట కూర్చుండుట చూచి నాకు సంతోషమే. అయితే మేత బాగున్నదని వేళ మరచిన నత్త ఎండకు దొరకును. తల్లికి ఉత్తరమో ఫోనో, రాత్రి మోకాళ్లు, అప్పు తీర్చుట, మాట నిలువబెట్టుకొనుట – ఇవి చిన్న చిన్న తిరిగి వచ్చుటలు. పెద్ద దినమున తిరిగి రాగలిగినవాడు చిన్న దినములలో తిరిగి వచ్చిన వాడే.

మూడవది, బాట ఎవరిది? తాతగారి విశ్వాసము, తల్లి కన్నీళ్లు విలువైనవి గాని అవి నీ జిగురు కావు. నీ ఒంటినుండి, నీ శ్రమనుండి, నీ దినములనుండి తీసి నీవే ఆ జాడ పరచుకొనవలెను. నీవు పరచనిచో చీకటిలో నిన్నింటికి తెచ్చునది ఏదియు లేదు.

ఇక పెద్దలతో ఒక మాట. గుల్లకు తగిన మచ్చ బండమీద ఏర్పడుటకు గుల్లయొక్కటే కష్టపడదని పైన చెప్పితిని. కఠినమైన బండమీద గుల్ల తానే అంచును మలచుకొనును. మెత్తని బండ తానును కొంత అరిగి చోటిచ్చును. మన సంఘములు ఏ రకము బండలు? సోమవారపు బ్రదుకు సంగతి తెచ్చిన యౌవనుని ‘ద్విమనస్కుడా’ అని కసరికొట్టినయెడల, అతడు ఆ సంగతిని మరల తేడు. ఆదివారము మాత్రము వచ్చును, నవ్వును, పాడును, పోవును. అప్పుడు నిజముగానే అతని బ్రదుకులో గోడ లేచును. ఆ గోడకు మొదటి రాయి పెట్టినవారము మనమే అగుదుము. బిడ్డ తిరిగి రావలెనని కోరువారు, తిరిగి వచ్చిన బిడ్డ కూర్చుండుటకు కొంత అరిగియుండవలెను.

మరియు ఒక్క ఊపిరితోనే బ్రదుకుచున్నామని గర్వించువారును జాగ్రత్తగా ఉండవలెను. ఒక్క లోకములోనే ఉన్నవాడు నిలకడగలవాడనుకొనుట సులువు. అతని నిలకడను పరీక్షించు ఆటు ఇంకను రాలేదు. నలుబది యేండ్లు ఒకే బల్లమీద కూర్చున్నవానికి అది ఇల్లని చెప్పజాలము. ఎన్నడును లేవలేదని మాత్రము చెప్పగలము. విడిచి పోగలిగియుండి, పోయి, తిరిగి వచ్చినవాడే ఇల్లెరిగినవాడు.

అబద్ధపు లింపెట్టు అని పేరు పెట్టినవారు దాని గుల్లను చూచిరి. ఆటువేళ ఆ బండయొద్ద నిలిచి, అది తన మచ్చను వెదకికొనుచు, ఒక్కొక్క వ్రేలెడు, ఎండ ముదురకముందే చేరుకొని అంచును సరిచేసికొనుట చూచినవారికి ఆ పేరు నోట రాదు. ప్రియ చదువరీ, నీ పొరుగువానిని అబద్ధికుడనుటకు ముందు ఆటువేళ వరకు ఆగుము. నిన్ను నీవు నిందించుకొనుటకు ముందు, నేటి సాయంత్రము ఎక్కడికి తిరిగి వచ్చితివో చూచుకొనుము.